చేపలు గుచ్చే ఎముక

నాన్నగారూ,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. చించెయ్యాలనిపించినా సరే, చివరిదాకా చదివి చించండి.

మొన్న వ్రతానికి నేను మౌంట్ ఆల్బర్ట్‌లో మనింటికి వచ్చినప్పుడు వీరభద్రం అంకుల్‌తో మీరు "మా అమ్మాయి వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్ట్ చేస్తోంది" అన్నారు. నేను బయట చెక్క డెక్ అరుగు మీదున్నాను, అన్నీ వినబడ్డాయి. మ్యూజియంలో ఎముకలు ముట్టుకునే పిల్ల దేవుడి దగ్గరికి రాకూడదని, తలస్నానం చేశాక కూడా నన్ను అక్కడే కూర్చోబెట్టారు. ప్రసాదం కిటికీలోంచి అందింది. ఒళ్ళు మండిపోయింది. అంతమందిలో మీ పరువెందుకు తియ్యాలని నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను.

నేను చేసే పనేమిటో వినండి. సముద్రపొడ్డు ఇసుకలో వేలెడంత పక్షి ఎముక దొరికింది, వందల ఏళ్ళ నాటిది. ఒక కొసన బెజ్జం, రెండో కొస మొద్దుగా, నున్నగా ఉంది. మెడలో వేసుకునే నగ అని మా మ్యూజియం పెద్దాయన రాసేశారు. నగైతే అరుగుదల బెజ్జం దగ్గరుండాలి గానీ, ఆ మొద్దు కొసన ఎందుకుంటుందని నేను అడ్డం తిరిగాను. మాంసం కొట్లో టర్కీ కోడి ఎముక కొని అచ్చం అలాంటిదే అరగదీశాను. కోడిగుడ్డు కూడా తినని నేను, బెజ్జంలో నారతాడు ఎక్కించి చేపల మొప్పల్లోంచి దూర్చి దండలా గుచ్చాను. కొస మొద్దుగా ఉండబట్టి మొప్ప చిరగలేదు. బుట్టలకొద్దీ గుచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే, పాతదాని మీదున్న గీతలే దీని మీదా పడ్డాయి. ఎండబెట్టడానికి చేపలు గుచ్చే సూది నాన్నగారూ, అది! పెద్దాయన తను రాసింది కొట్టేసి నా మాట రాశారు.

దాన్ని చూడ్డానికి ఆ తీరపు మూలవాసులు, మావోరీ పెద్దలొచ్చారు. పూర్వీకుల వస్తువుల దగ్గర్నించి బయటికొస్తే వాళ్ళూ చేతులు కడుక్కుంటారు, ఒంటి మీద నీళ్ళు చల్లుకుంటారు. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోంచేశారు. మీరు నీళ్ళు పోయించి బయటే ఉంచేశారు.

ఆదివారం పెళ్ళిచూపులకి శశాంక్ వాళ్ళొస్తున్నారట. మళ్ళీ ఐటీ అన్నారంటే, కాఫీ కప్పులు చేతుల్లో ఉండగానే నిజం చెప్పేస్తాను. అది మీకిష్టం లేకపోతే రావడం మానేస్తాను. ఉద్యోగం మాత్రం మానను.

మీ మొండి కూతురు
నిరుపమ


నిరూ,

ఉత్తరం నాన్నగారికి రాశావు. ఆయన చదివి టీవీ పక్కన పడేసి వాకింగ్‌కి వెళ్ళిపోయారు. నేను తీసి చదివాను. కిటికీలోంచి ప్రసాదం ఇచ్చింది నేనే కదే. సిగ్గేసింది.

వెంటనే శశాంక్ వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మాయిది ఐటీ కాదండీ, పాతకాలపు ఎముకలు చూసి అవెందుకు వాడారో తేలుస్తుంది అని చెప్పాను. ఆవిడ, "పెళ్ళయ్యాక మానేస్తుందా అండీ? మాది మడీ ఆచారం ఉన్న ఇల్లు" అంది. "మాదీ అంతేనండీ. మీరు రానక్కర్లేదు" అని పెట్టేశాను.

దాంతో నాన్నగారు నాతోనూ మాట్లాడ్డం లేదు. మానేస్తే మానేశారు, అన్నం వండుకోవడం ఆయనకి వచ్చు. నేను శుక్రవారం వెల్లింగ్టన్ విమానానికి టికెట్ కొనుక్కున్నాను. ఆ సూది నాకు చూపించు. ముట్టుకోనిస్తే ముట్టుకుంటాను కూడా.

అమ్మ