పురుగుకి యజమాని పేరు

మార్చి 4
ల్యాబ్‌లో గాజుసామాను కడగడం నా ఉద్యోగం. పురుగులు అక్క రీసెర్చ్. రంగుల మిల్లు వెనక బావిలో ఆమెకి దొరికిన చదునుపురుగు ఇంతవరకూ ఏ శాస్త్రవేత్త లెక్కలోనూ లేదట. గోరంత ఉంటుంది. ఎవరి పేగుల్లోనూ దూరదు, స్వతంత్రంగా బతుకుతుంది. విప్లవ కరపత్రాల్లో చదివిన, ఎవర్నీ పీల్చుకు తినని కొత్త మనిషి ఇదేనన్నాను. ఆకలేస్తే తోటి పురుగునే పీల్చేస్తుందిరా నీ కొత్త మనిషి, అని అక్క నవ్వింది.

మార్చి 9
పేరు పెట్టారు. మిల్లు యజమాని పేరు! ల్యాబ్‌కి మైక్రోస్కోప్ కొనిచ్చాడని. వాడి మురుగే ఆ బావిని చంపుతోంది. అక్క గైడు సార్‌ని నిలదీశాను. నీకెందుకోయ్, వెళ్లి సీసాలు కడుక్కో అన్నాడు. అక్కేమో, ముందు జర్నల్లో పేపర్ రానీ, డిగ్రీ చేతికి రానీ, పేరుదేముందిరా అంది. ఒళ్లు మండిపోతోంది. జలగ పేరు పెట్టినా ఊరుకునేవాణ్ణి.

మార్చి 10
కొట్టాను.
యజమాని వస్తున్నాడని సార్ ఆ పురుగు స్లైడ్ల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాలర్ పట్టుకున్నాను. వెధవా అన్నాడు. సార్ మూతి పగిలింది. పెట్టె ఎత్తి నేలకేసి కొట్టాను. గాజు పిండయ్యేదాకా తొక్కాను. పేరు చచ్చింది, పేరు చచ్చింది అని అరిచాను.

అదే రోజు, సాయంత్రం
పేరు చావలేదు. అక్క ఏడవలేదు, నా చెంప పగలగొట్టింది. పేరు ఎన్నిసార్లయినా రాసుకోవచ్చట. ఆ స్లైడ్లన్నీ కలిపి ఒకే ఒక్క పురుగు. మైనంలో బిగించి వెంట్రుక కన్నా పల్చగా కోసిన పొరలు. పైకి ఈ పురుగులన్నీ ఒకేలా ఉంటాయి, లోపల జననాంగాలు ఎలా మెలితిరిగాయో చూస్తేనే వేరే జాతని రుజువు. మ్యూజియంలో ఆ రుజువు దాచకపోతే పేపర్ లేదు, డిగ్రీ లేదు. కోపం యజమాని మీదయితే వాణ్ణే తన్నకపోయావా, నా రెండేళ్లు తొక్కావేంట్రా అంది.

మార్చి 11
ఉద్యోగం పోయింది. సార్ కేసు పెట్టలేదు, యజమాని పేరు బయటికొస్తుందని. కొత్త పురుగు తెస్తేనే ల్యాబ్‌కి రమ్మన్నాడట అక్కని.

మార్చి 12
మిల్లు గోడ దూకి బావిలోకి దిగాను. బావి నీళ్లు ఊదారంగు. చచ్చిన పురుగులు తెట్టులా తేలుతున్నాయి. రాళ్లు తిరగేస్తే బతికున్నది ఒక్కటే దొరికింది. సీసాలో వేసుకుని పైకొచ్చేసరికి వాచ్‌మన్. కర్ర విరిగేలా కొట్టాడు. నేను వాడి వేలు కొరికాను. రక్తం నాదో వాడిదో తెలియలేదు. ఏం ఎత్తుకెళ్తున్నావురా అని సీసా లాక్కుని చూశాడు. దీనికోసమా ఇన్ని దెబ్బలు తిన్నావు, పిచ్చి సన్నాసీ, అని సీసా తిరిగిచ్చి గేటు బయటికి నెట్టాడు.

మార్చి 13
కోస్తేనే రుజువు. కోస్తే ఆఖరిది పోతుంది. వద్దని అక్క చెయ్యి పట్టుకున్నాను. మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచింది. వంటింటి బల్ల మీద, బ్లేడుతో, పురుగుని మధ్యకి తెంపింది. జననాంగాలున్న వెనక సగం ఫార్మలిన్‌లోకి. యజమాని పేరు ఇక దానిదే. తల ఉన్న సగం మంచినీళ్లలోకి. అది చావదట.

మార్చి 19
తల సగానికి తెగిన చోట తెల్లటి మొలక వచ్చింది. వెనక సగాన్ని బిగించడానికి మైనం కరిగించమని అక్క గిన్నె నా వైపు తోసింది.