మన్నించానని రాయమన్నారు

శనివారం, ఆగస్టు 14

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. మరదలికీ, పాపకీ నా ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి మనసు రావడం లేదు. దేవుడి దయవల్ల కాలం గడుస్తోందని మాత్రం రాయగలను. నా ఫోను నువ్వు ఎత్తవు, ఉత్తరమైతే పారెయ్యవని నమ్మకం.

నాన్న పరిస్థితి బాగా లేదు. ఇన్నేళ్ల రంపపు పొట్టంతా ఊపిరితిత్తుల్లోనే ఉందని డాక్టరు అన్నారు. పడుకుంటే ఊపిరాడదు. షెడ్డు వైపు కిటికీ దగ్గర కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెడుతున్నాను. ఎవరి అడుగుల చప్పుడైనా, వాడేనా అని అడుగుతారు. పాలవాడు కూడా, కాదు తాతా నేనే అంటూ లోపలికి రావడం అలవాటు చేసుకున్నాడు. నిన్ను రమ్మని రాయమన్నారు. జరిగినదానికి నిన్ను ఎప్పుడో మన్నించానని కూడా రాయమన్నారు.

మరదలు మొన్న ఫోనులో నవ్వుతూనే చెప్పింది, మీ తమ్ముడు ఇప్పటికీ మిక్సీ స్విచ్చి కూడా వెయ్యరు వదినా, నేను ఇంట్లో లేకపోతే చీకట్లోనే కూర్చుంటారు అని. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ప్రార్థనకు కూర్చుని నిన్నే తలుచుకున్నాను.

అప్పటికి నీకు పదేళ్లురా. నాకు పన్నెండు. నాన్న మనకు రంపపు మిషను నేర్పిన పద్ధతి గుర్తుందా? ముందు బోర్డులోంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. ఇదిప్పుడు చచ్చిన పాము, ఎన్ని ఆటలైనా ఆడుకోండి అనేవారు. ఆ తర్వాత అన్నీ నిజంగా చేసినట్టే చేయించేవారు. నువ్వు స్విచ్చి వెయ్యాలి, నేను చెక్కను రంపం అంచుదాకా నెట్టాలి. వంకరగా నెడితే, మహారాణిగారూ, మనం తలుపు చేస్తున్నామా తెడ్డు చేస్తున్నామా అని ఆటపట్టించేవారు.

ఆ రోజు కూడా, ఫ్యూజు తీశాను, మొదలుపెట్టండి అని చెప్పి బయట ఎవరితోనో మాట్లాడుతున్నారు. చచ్చిన పామే కదా అని నేను రంపం పళ్ల మీద వేళ్లు ఆనించి, వెయ్యరా దొరా, వెయ్యి అని నిన్ను ఉడికిస్తున్నాను. నువ్వు వేశావు.

తర్వాతి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు, నేను ఆసుపత్రిలో ఉన్నాను. సొరుగులో ఉన్న ఇంకో ఫ్యూజు తెచ్చి పెట్టింది నువ్వేనని నాన్న అన్నారట. నువ్వు లేదు లేదన్నావట. అమ్మా, పక్కింటివాళ్లూ మార్చి మార్చి అడిగితే ఏమో అన్నావట. చివరికి అవునన్నావట. నేను ఇంటికి వచ్చేసరికి నా చేతి కట్టు చూడలేక మంచం కింద దూరావు.

కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. వాటితోనే వండుతాను, జడ వేసుకుంటాను, ఇదిగో, రాస్తున్నాను. పోయిన వేళ్ల గురించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. నిన్ను ఇంటికి పంపమనే అడుగుతున్నాను. ఒక్కసారి రారా.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క

తా.క. ఆదివారం. పైదంతా నిన్న రాసి, ఈ ఉదయం నాన్నకు చదివి వినిపించాను. చివరికి అవునన్నావట అన్న దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. ఏడ్చారు. ఆ తర్వాత చెప్పారు.

నువ్వు ఏ ఫ్యూజూ పెట్టలేదు. ఆ ముందురోజు ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతుంటే, పని ఆగకూడదని ఆయనే బోర్డు వెనక తీగ కలిపి ఫ్యూజు లేకపోయినా మిషనుకు కరెంటు వచ్చేలా చేసుకున్నారట. మర్నాడు అది మరిచిపోయి, అలవాటు కొద్దీ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. నన్ను ఆసుపత్రికి మోసుకెళుతుంటే గుర్తొచ్చిందట. ఇంటికి తిరిగి వచ్చి ముందు ఆ తీగ తీసేశారు. ఆ తర్వాత నిన్ను పిలిచారు.

వాడికి ఇది రాయకు తల్లీ, ముందు రానీ, వచ్చాక నేనే చెప్పుకుంటాను అన్నారు. ఆయన మాట నేను ఎన్నడూ దాటలేదు, ఇప్పుడు దాటుతున్నాను. మన్నించానన్న మాట కొట్టెయ్యకుండా అలాగే ఉంచాను, ఆయన నీకు ఏమని రాయమన్నారో నువ్వు చూడాలి. పోస్టు చేసి వచ్చి, అంతా రాసేశానని ఆయనతో చెబుతాను.

ఒక్కసారి రారా అన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. రావాలో వద్దో నువ్వే చూసుకో. రాకపోతే ఆయనకు జవాబు నేను చెప్పుకుంటాను.