చర్చి ముందు కాసేపు ఆగనివ్వండి

జెనోవా నగరము,
సాంత ఫెలీచితా కొండ, దిగువ మెట్ల వీధి.

కొండ వార్డు ట్రాఫిక్ అధికారి వారి సముఖమునకు

విషయం: ఏటవాలు నేల మీద స్కూటరు పెట్రోలు మీటరు అబద్ధమాడుట; అది నిజము చెప్పు ఏకైక చదును స్థలమున తమరు ‘ఆగరాదు’ అని బోర్డు నాటించుట; తత్ఫలితముగా అర్జీదారుడు పరాయివాని ప్యాంటులో పట్టుబడుట – ఈ మూడింటి గురించి.

అయ్యా,

ఎలిజియో కానెపా అను నేను, ఈ కొండ మీదికి ఇనుప తాడు లాగెడి తాడు రైలు నడిపి రిటైరైన వాడను, భార్య పోయిన వాడను, పాత స్కూటరు గల వాడను, తమరికి మిక్కిలి వినయముతో మొరపెట్టుకొనునది. మా ఊరి నావికులు పూర్వం జీతం తక్కువైనా సరే, సణుక్కునే హక్కు ఇచ్చే ఓడనే ఎక్కేవారని మా పెద్దలు చెబుతారు. ఆ హక్కును పురస్కరించుకొని ఈ క్రింది విషయాలు సణుగుతున్నాను.

1. తమరు పో నదీ మైదానం నుంచి బదిలీ మీద వచ్చారని విన్నాను. అక్కడ నేల పళ్లెంలా ఉంటుంది కనుక మీటరు ముల్లుకు అబద్ధమాడే అవసరం రాదు. మా దగ్గర అలా కాదు. స్కూటరు కొండ ఎక్కేటప్పుడు ట్యాంకులో పెట్రోలంతా వెనక్కి జారుతుంది. మీటరు తాలూకు తేలే బెండు వెనకే ఉంది కాబట్టి ముల్లు సగం దగ్గర నిలబడి, అంతా బాగానే ఉందంటుంది. ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్ళే గొట్టం మాత్రం ముందు వైపు ఉంది. దానికి చుక్క అందదు. దిగేటప్పుడు వ్యవహారం తారుమారు. ఇంజనుకు పుష్కలంగా అందుతుంది, ముల్లేమో అడుక్కి పడిపోయి ఏడుస్తుంది. మొత్తం మీద మా మీటరు ఎన్నికల ముందు ఒక మాట, తర్వాత ఒక మాట చెప్పే రకం.

2. ఈ కొండ మీద దేవుడు ఒకే ఒక్క చోట నేలను చదునుగా ఉంచాడు. అది సాంత ఫెలీచితా చర్చి ముందున్న రాతి పరుపు. అక్కడ బండి ఆపి, ముల్లు కుదురుకునే దాకా ఊపిరి బిగబట్టి చూసి, మళ్ళీ కిక్కు కొట్టి పోవడం మా అందరి ఆచారం. చర్చి ముందు ఆగినవాడల్లా భక్తుడే అనుకుని మా ఫాదర్ గారు మొదట్లో పొంగిపోయారు. తర్వాత ఆయనా స్కూటరు కొన్నారు. ఇప్పుడు ఆయనా అక్కడే ఆగి, తల వంచి, మీటరుకే దణ్ణం పెట్టినట్టు చూస్తారు.

3. తమరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. కొండ కింద పెట్రోలు బంకు నడిపే దెల్ఫీనా నేను వెళ్ళిన ప్రతిసారీ అదే అడుగుతుంది.

“బాబాయ్, ఇంతకంటే తక్కువ కొట్టించుకోవాలంటే చుక్కలమందు సీసా తెచ్చుకో. ఒక్కసారి ట్యాంకు నిండా కొట్టించుకుంటే నీకూ నాకూ ఈ గోల ఉండదు కదా!”

“నిండా కొట్టిస్తే ఆ బరువు కొండ మీదికి ఎవరు మోస్తారే? పెట్రోలు మొయ్యడానికి మళ్ళీ పెట్రోలు తగలెయ్యనా?”

“నీ పొట్ట మొయ్యడానికి తగలేస్తున్నావుగా!”

ఆమె నోటికి అడ్డు లేదు, నా లెక్కకు తిరుగు లేదు. నేను దిగేటప్పుడు ఇంజను ఆపేసి జారిపోతాను. రిజర్వు కుళాయిని మాటిమాటికీ వంగి తిప్పడం ఎందుకని ఎప్పుడూ రిజర్వులోనే ఉంచుతాను. బంకులో గొట్టం తీసేశాక దాన్ని ఎత్తి దులిపి, కారిన నాలుగు చుక్కలు ఒక ఖాళీ వైను సీసాలోకి పట్టి స్కూటరు డబ్బాలో దాచుకుంటాను. ఇది పిసినారితనం అని ఇతర ఊళ్ళవాళ్ళు అంటారు. మేము దీన్ని మైలేజీ అంటాము.

4. ఇట్లుండగా తమరు చర్చి ముందు బోర్డు నాటించారు. మరుసటి ఉదయమే నేను ముల్లు వైపు చూస్తూండగా తమ ఉద్యోగి, ఇవానో అను కుర్ర గార్డు, చలానా పుస్తకంతో ప్రత్యక్షమయ్యాడు.

“పెద్దాయనా, ఇక్కడ ఆగకూడదు.”

“ఆగలేదు నాయనా, చూస్తున్నాను.”

“చూడాలంటే ఆగాలి కదా?”

“మరి నీకు తెలుసు కదా, ఎందుకడుగుతావ్?”

వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే చలానా రాశాడు. నవ్వకుండా రాసి ఉంటే ఇంత మండేది కాదు. ఇక జన్మలో చర్చి ముందు ఆగనని ఆ రాతి మీదే ఒట్టు పెట్టుకున్నాను. అసలు నష్టం ఇక్కడ మొదలైంది.

5. ఇక నా సొంత సంగతి. అర్జీలో సొంత సంగతులు రాయకూడదని తెలుసు, అయినా రాస్తున్నాను. కొండ నెత్తిన ఒర్తెన్సియా అను ఆవిడ ఉన్నారు. ఆవిడ కూడా భర్త పోయిన మనిషి. నేను తాడు రైలు నడిపే రోజుల్లో ముందు బెంచీ మీద కూర్చుని, బ్రేకు గట్టిగా వేశానని నన్ను తిట్టేవారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాకు వాళ్ళింట్లోనే భోజనం. నన్ను చేసుకుంటావా అని నేను అడిగి ఉన్నాను. “ఆలోచించి చెబుతా. వచ్చే ఆదివారం రావియోలి తిన్నాక చెబుతా” అన్నారు. నా వయసు మనిషికి ఆ వారమంతా ఎలా గడుస్తుందో ప్రభుత్వం వారు ఊహించుకొనగలరు.

కూరిన పిండి బిళ్ళలు కదా, మరిగే నీళ్ళలో కాస్త ఎక్కువసేపు ఉంటే గంజే; అయినా ఆవిడ రావియోలికి గడియారం పెట్టరు. వంటింటి కిటికీలోంచి నా స్కూటరు మోత వింటారు. మోత కింద మొదలవగానే నీళ్ళు పొయ్యి మీద పెడతారు. చర్చి దగ్గర మోత కాసేపు ఆగుతుంది, నేను ముల్లు చూస్తాను కనుక. అప్పుడు ఉప్పు వేస్తారు. మళ్ళీ మోత రాగానే రావియోలి వేస్తారు. నేను తలుపు తట్టేసరికి అవి పళ్ళెంలోకి వస్తాయి. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఆదివారం నేను చర్చి దగ్గర ఆగలేదు. తమ బోర్డుకు లోబడి, ముల్లు సగం దగ్గర ఉందని నమ్మి, దర్జాగా దాటిపోయాను. పైన పెద్ద మలుపు దగ్గర బండి రెండుసార్లు దగ్గి చచ్చింది. ఆ మలుపు దగ్గర ఉన్నది ఒకే ఇల్లు. అది జెల్సోమీనాది. ఆమె జుట్టు కత్తిరించే మనిషి, ఆమెకూ భర్త లేడు, ఆపైన చూడచక్కగా ఉంటుంది.

అంటే కొండ నెత్తిన కిటికీలో ఉన్న మనిషికి వినిపించిందేమిటి? మోత చర్చి దగ్గర ఆగలేదు, దాటేసి వస్తున్నానని రావియోలి నీళ్ళలో పడ్డాయి. జెల్సోమీనా ఇంటి దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఆగిపోయింది.

6. అక్కడ నేను చేసినదంతా బంకులో దెల్ఫీనా గోడకు అంటించిన భద్రతా నియమాల ప్రకారమే చేశానని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.

వేడి ఇంజను మీద పెట్రోలు పోయరాదు, చల్లారేదాకా వేచి ఉండవలెను అని నియమం. వేచి ఉన్నాను. ఊరికే ఎండలో నిలబడతారెందుకని జెల్సోమీనా కుర్చీ బయట వేసి, నా చెవుల మీద పెరిగిన జుట్టు కత్తిరించింది. డబ్బు వద్దంది. ఊరికే వచ్చే క్షవరాన్ని జెనోవాలో పుట్టినవాడు ఎవడైనా కాదంటాడా?

తర్వాత సీటు ఎత్తి సీసాలోంచి పోశాను. సీసాలో పెట్రోలు పెట్టుకోవడమే తప్పని దెల్ఫీనా గోడ మీద ఉంది, ఆ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను. గరాటు లేదు, బండి ఏటవాలుగా ఉంది, చెయ్యి ఆత్రంలో ఉంది. సగం ట్యాంకులో పడింది, సగం నా ఒడిలో పడింది. బట్టల మీద పెట్రోలు పడినచో నిప్పుకు దూరముగా పోయి వెంటనే ఆ బట్టలు విడువవలెను అని నియమం. దూరముగా పోయాను. దూరముగా అంటే జెల్సోమీనా ఇంట్లోకి. విడిచాను. ఆమె తలుపు సందులోంచి చెయ్యి చాపి, పోయిన భర్త ప్యాంటు ఇచ్చింది. ఆ మహానుభావుడు నాకంటే పొడుగు, నాకంటే సన్నం. కింద మడత పెట్టి, పైన ఊపిరి బిగబట్టి బయలుదేరాను.

7. తలుపు తీసిన ఒర్తెన్సియా నన్ను పైనుంచి కిందికి చూశారు. మామూలుగా నన్ను ‘నువ్వు’ అంటారు. ‘మీరు’ అన్నారంటే ఇల్లు కాలుతున్నట్టే.

“రావియోలి గంజయిపోయింది. మీరు మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నారు. క్షవరం ఎక్కడ చేయించారు?”

“పెట్రోలు అయిపోయింది, ఒర్తెన్సియా.”

“ఆహా. మా ఆయన కూడా ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ అదే చెప్పేవాడు, పెట్రోలు అయిపోయిందని. మాకు బండే లేదు.”

“నిజంగానే అయిపోయింది. ముల్లు సగం చూపించింది...”

“ఆ ప్యాంటు ఎవరిది?”

“చనిపోయినాయనది.”

“ఎవరా చనిపోయినాయన?”

నేను చెప్పాను. అబద్ధమాడటం చేతకాని వాడికి కొండ మీద బతుకు లేదు, అది మీటరుకే తెలుసు. తలుపు పడింది. మర్నాడు జెల్సోమీనా మంచితనం కొద్దీ నా ప్యాంటు ఉతికి తీగ మీద ఆరేసింది. ఆ తీగ ఒర్తెన్సియా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. కొండంతా చూసింది. ఫాదర్ గారు కూడా చూశారు, ముల్లు చూసినంత శ్రద్ధగా.

అయ్యా, ఆవిడ సమాధానం రావియోలితో పాటే గంజిలో కలిసిపోయింది. సావోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటి యజమానితో అన్నారట. ఆ కిటికీ మూసేస్తే ఇక నా బండి మోత వినేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. ఇది ఎలా సరిచేయాలో నాకు తెలియడం లేదు.

కావున ప్రార్థన: (అ) చర్చి ముందు చదును నేల మీద, మీటరు చూచుటకు మాత్రము, స్కూటరు వారిని కాసేపు ఆగనివ్వవలెను. (ఆ) సదరు ఆదివారము అర్జీదారుని ట్యాంకు నిజముగానే ఖాళీ అనియు, ప్యాంటు విడుచుట భద్రతా నియమమే అనియు తమ కార్యాలయపు ముద్రతో ఒక ధ్రువపత్రము ఇప్పించవలెను. ముద్ర పెద్దదిగా ఉండుట శ్రేయస్కరము. (ఇ) చలానా రద్దు చేసినా నాకు అభ్యంతరము లేదు.

ఇంతకుమించి సణుగుటకు ఓపిక లేక, తమ చిత్తములో ఇంత చోటు కోరుతూ,

తమ విధేయుడు, తమ బోర్డుకు మరీ విధేయుడై చెడినవాడు,
ఎలిజియో కానెపా

తాజా కలం: కవరు అంటించక ముందే కథ మారింది కనుక కింద ఖాళీలో రాస్తున్నాను.

ఈ అర్జీ తప్పుల్లేకుండా ఉందో లేదో చూడమని దెల్ఫీనాకు చదివి వినిపించాను. ఆమె నోట్లో మాట దాగదు. సాయంత్రానికల్లా ఒర్తెన్సియా కాలినడకన కొండ దిగి, బంకు దగ్గరున్న నా ముందుకు వచ్చారు.

“ఆ రోజు ఎంత పోయించారో అంతే పోయించండి. నేను వెనక కూర్చుంటాను. చర్చి దగ్గర ఆగొద్దు.”

ఎక్కారు. పోయాము. పెద్ద మలుపు దగ్గర బండి రెండుసార్లు దగ్గి చచ్చింది. ఆవిడ నా భుజం మీదుగా వంగి మీటరు చూశారు. ముల్లు సగం దగ్గర ఉంది.

“ఇదేమిటి, సగం ఉందిగా!”

“ఒకసారి దిగు.”

దిగారు. బండి ముఖం పల్లం వైపు తిప్పి కిక్కు కొట్టాను. ఇంజను లేచింది, ముల్లు పడిపోయింది. మళ్ళీ ఎత్తు వైపు తిప్పాను. ముల్లు లేచింది, ఇంజను పడిపోయింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని రెండుసార్లూ చూశారు. ఈలోగా జెల్సోమీనా కిటికీ తెరుచుకుంది.

“ఒర్తెన్సియా గారూ, మీ మీదా పెట్రోలు పడిందా? మా ఆయన ప్యాంట్లు ఇంకా ఉన్నాయి!”

ఒర్తెన్సియా నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక గోడ మీద కూలబడ్డారు. తర్వాత లేచి తీగ మీది నా ప్యాంటు తానే తీసి, మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. “దేవుడా! దొంగ ఆ ముల్లు, నువ్వు కాదు ఎలిజియో” అన్నారు. ఆ ‘నువ్వు’ వినగానే నాకు కళ్ళు మసకబారాయి. బండిని జార్చుకుంటూ బంకు దాకా ఎలా దించానో తెలియదు.

“ఎంత బాబాయ్, అదే చుక్కలమందా?” అంది దెల్ఫీనా.

నేను ఒర్తెన్సియా వైపు చూశాను. “నిండా” అన్నాను.

దెల్ఫీనా శిలువ గుర్తు వేసుకుంది. గొట్టం టక్కుమనగానే ఆపేసింది. ఇంకొంచెం పడుతుందని నేను చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. “ఎండకు ఉబ్బుతుంది, మూతి దాకా పొయ్యకూడదు. గోడ మీద చదవలేదా?”

నేను బండి కొన్నాక ముల్లు చిట్టచివరకు వెళ్ళడం చూసింది ఇదే మొదలు. ఎక్కేటప్పుడూ అక్కడే ఉంది, దిగేటప్పుడూ అక్కడే ఉంది.

“నువ్వు నిండా కొట్టించావంటే ఎంత దూరం పోదామని?” అన్నారు ఒర్తెన్సియా.

“ఎంత దూరం పోతే అంత.”

“సరే, నేనూ వస్తాను. ముందు ఆ చనిపోయినాయన ప్యాంటు ఇస్త్రీ చేయించి తిరిగిచ్చేయ్.”

కావున ధ్రువపత్రం అక్కర్లేదు. కానీ మొదటి ప్రార్థన మాత్రం వదులుకోను. మా పెళ్ళి సాంత ఫెలీచితా చర్చిలోనే. ఆ రోజు ఆ చదును రాతి మీద మేమిద్దరం కాసేపు ఆగక తప్పదు. ఇవానోను పంపండి, చలానా పుస్తకం మాత్రం ఇంటి దగ్గర పెట్టి రమ్మనండి. భోజనం కొండ నెత్తిన, ఒర్తెన్సియా ఇంట్లో. తమరూ రావాలి. చర్చి దగ్గర మా బండి మోత మళ్ళీ మొదలవగానే జెల్సోమీనా రావియోలి నీళ్ళలో వేస్తుంది కనుక, ఆలస్యం చేయకండి.