తలుపు చాటు చక్కెర

27-9-1974, శుక్రవారం రాత్రి

ఈ రంజాను నెలలో రోజా ఉపవాసం ఉండవద్దని డాక్టరు చెప్పిన మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున అందరితో కలిసి తిని, షుగరు మాత్ర వేసుకున్నాను. మధ్యాహ్నానికి షుగరు పడిపోయి ఒళ్లంతా చెమట పట్టింది. వంటింటి తలుపు చాటున నిలబడి గుప్పెడు చక్కెర నోట్లో పోసుకున్నాను.

అప్పుడే కోడలు షకీలా వచ్చింది. నెలసరి రోజుల్లో మాకు రోజా ఉండదు కదా, మగవాళ్ల కంట పడకుండా నాలుగు ముద్దలు తినిపోదామని వచ్చింది. నా వయసుకు ఆ సాకు కూడా లేదు.

"నాకైతే సెలవు అత్తా, మీకేం వచ్చింది?" అని నవ్వబోయి, నా చెయ్యి తగిలి ఆగిపోయింది. "ఏంది, ఇంత చల్లగా ఉండారు? కూర్చోండి ఈడ." తన పళ్లెంలో అన్నమే నాకు పెట్టింది.

సాయంత్రం ఉపవాసం ముగించే వేళ ఖర్జూరం పంచుతూ మా ఆయన అన్నారు, "మీ అత్తను చూసి నేర్చుకో షకీలా. ఈ వయసులో కూడా ఒక్క రోజా విడవలేదు."

"అవును మామా," అంది, నా వైపు చూడకుండా.

జబ్బు మనిషి రోజా మాని, బదులుగా పేదలకు అన్నం పెట్టవచ్చని నాకు తెలుసు. అయినా ఆ మెచ్చుకోలు వదులుకోలేకపోయాను. నా జబ్బు అల్లాకు తెలుసు. ఆ పిల్ల చేత అబద్ధమాడించినందుకు ఏం చెప్పుకోను?

తెల్లవారుజామున నన్ను లేపేది కూడా షకీలానే. లేపాలా, వద్దా అని నా మంచం పక్కన నిలబడి ఆలోచించే బరువు దాని మీద వేశాను.