అన్నయ్య చొక్కా కోసం వెతకొద్దు

అమ్మా,

పాలు కాచి మూత పెట్టాను. ఆరేసిన దుప్పట్లు వాన పడేలోపు తీసెయ్యి. అన్నయ్య నీలం గళ్ల చొక్కా కోసం పాతగుడ్డల మూటలో వెతకొద్దు. అది తొడుక్కునే బడికి వెళ్తున్నాను.

నిన్న అత్త ముందు నాకు నోరు పెగల్లేదు, అందుకే రాస్తున్నాను. నేను ఆ చొక్కా వేసుకుని గదిలోంచి రాగానే, "బొత్తాలు కుడివైపున్నాయి, చూడు వదినా! మగపిల్లాడి చొక్కా! రేపు నీ కూతురికి మీసాలు కూడా వస్తాయేమో!" అని పకపకా నవ్వింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడెప్పుడూ అంతే. కానీ నువ్వూ నవ్వావు. నవ్వి ఊరుకోకుండా, "రేపు కత్తిరించి గచ్చు తుడవడానికి వాడేస్తాలే" అన్నావు. అక్కడే నాకు ఒళ్లు మండింది.

పోయినేడు కాలరు అరిగిపోతే నువ్వే విప్పి, తిరగేసి కుట్టావు. "ఇంకో రెండేళ్లు ఢోకా లేదు" అని అన్నయ్యతో మురిసిపోతూ చెప్పావు. అన్నయ్య పొడుగైపోయాడు కానీ చొక్కా ఎక్కడా చిరగలేదు. అన్నయ్య ఒంటి మీద రెండేళ్లు వచ్చే గుడ్డ, నా ఒంటి మీదకి రాగానే గచ్చు తుడిచే గుడ్డ ఎలా అయిపోయింది? బొత్తాలు ఏ వైపున్నాయో చలికేం తెలుసు? నా గౌన్లలో ఒక్కదానికీ జేబు లేదు. దీనికి ఉంది. ఇంటి తాళంచెవి ఇక చేత్తో పట్టుకుని తిరగక్కర్లేదు.

అత్త మళ్లీ నవ్వితే నవ్వనీ. నువ్వు మాత్రం నవ్వకు.

అన్నట్టు, రెండో బొత్తాం ఊగుతోంది. సాయంత్రం కుట్టిపెట్టవా? ఇప్పుడున్న వైపే కుట్టు.