వేలిముద్ర పడేదాకా

ఆర్మూర్

చిరంజీవి శ్యామలకు అత్తమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ వర్షితా బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నానని రాసిన మాటను మాత్రం నేను నమ్మలేదు. ఫోనులో ఎప్పుడూ మొహమే చూపిస్తావు, చేతులు చూపించవు.

నీ ఉత్తరం ముత్తెన్న తెచ్చిచ్చాడు. సెలవు అయిపోయి రేపు మళ్లీ మస్కట్ బయలుదేరుతున్నాడు. ఈ జవాబూ, దీంతో ఉన్న డబ్బా అతనితోనే పంపుతున్నాను. సబ్బునీళ్లకు వేళ్ల గీతలు అరిగిపోయి మిషను నీ ముద్ర పట్టడం లేదని, ముద్ర పడితేగానీ అక్కడ ఉండటానికిచ్చే కొత్త కార్డు రాదని, కార్డు లేనిదే ఇంటికి సెలవు లేదని రాశావు.

నేను పంపిన పసుపు పనిచేసిందా అని అడిగితే నువ్వు జవాబు రాయలేదు. ముత్తెన్నే చెప్పాడు. పసుపు, నువ్వుల నూనె కలిపి రాసుకున్న చేతుల రంగు మీ యజమానురాలి తెల్ల దుప్పట్లకు అంటిందట. ఆమె బ్లీచింగ్‌తో నీ చేతులు కడిగించిందట. ఏ గాయమైనా పసుపు డబ్బా తీసే ఊరు మనది. నాకు వేరే ఆలోచనే రాలేదు.

చర్మం డాక్టరమ్మను కలిశాను.

"పగిలిన తోలు మీద పసుపు పెడ్తరా అవ్వా? జర సదువుకున్నోళ్ల లెక్క కనిపిస్తున్నరు!" అని కోప్పడింది.

"ముప్పై ఏండ్లు పిల్లలకు సదువు చెప్పిన," అన్నాను.

"గట్లయితే ఇయ్యాల మీరు రాసుకోండ్రి," అని కాగితం నా చేతిలో పెట్టింది.

రాసుకున్నాను. సబ్బుపొడి చర్మంలోని నూనెను లాగేస్తుందట, అందుకే పగుళ్లు. డబ్బాలో ఉన్నది వాసన లేని గ్లిజరిన్ క్రీము. కడిగిన చేతులు రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రాయి. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. దాని మీద పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే ఆ తేమ బయటికి పోదు. పడుకునేటప్పుడు మందంగా రాసి నూలు గ్లవుజులు వేసుకో. బట్టలు ఉతికేటప్పుడు లోపల నూలువి, పైన రబ్బరువి. చీము కనిపిస్తే అక్కడి ఆసుపత్రికి వెళ్లు, నాకు రాసి ఎదురుచూడకు. ఉంగరం కింద సబ్బు నిలుస్తుంది, తీసెయ్. మా సురేశ్ పోయాక కూడా నువ్వు దాన్ని ఒక్కసారీ తీయలేదని తెలుసు. దారానికి కట్టి మెడలో వేసుకో. వాడు ఏమీ అనుకోడు.

చేతులు మానితే గీతలు మళ్లీ తేలతాయని డాక్టరమ్మ చెప్పింది.

ఇక, వర్షిత నిన్ను తలుస్తోందా అని అడిగావు. ఫోనులో అడిగినప్పుడల్లా తలుస్తోందనే చెప్పాను. పాప పక్కన ఉండగా ఇంకేం చెప్పను? ఇప్పుడు రాస్తున్నాను. గుండె దిటవు చేసుకుని చదువు.

మొన్న జడ వేస్తుంటే, "అమ్మా, మెల్లగ గుంజు," అంది.

"నేను అమ్మను గాదే, బాపమ్మను. మీ అమ్మ ఫోన్ల కనిపిస్తది గదా."

"గామె శ్యామల ఆంటీ గదా? ఫోన్ల అమ్మా అనుమని నువ్వే చెప్పినవ్!"

గట్టిగా మందలించాను. ఏడ్చింది. నువ్వు వెళ్లేనాటికి దానికి రెండేళ్లు, దాని తప్పేముంది? మర్నాడు మళ్లీ అమ్మా అంది. మళ్లీ ఏడిపించలేక పలికాను. ఇప్పుడు రోజూ పలుకుతున్నాను. తప్పులు దిద్దడమే పనిగా బతికినదాన్ని, ఈ ఒక్కటి దిద్దలేకపోతున్నాను. అంతేకాదు శ్యామలా, కొడుకు పోయిన ఇంట్లో ఆ పిలుపు వినపడితే నాకు సంతోషంగా కూడా ఉంటోంది. ఇది నీకు చెప్పకపోతే దొంగతనం అవుతుంది.

చేతులు మానకముందే మిషను దగ్గరికి పరుగెత్తకు. మానాక ఒక్కరోజు కూడా ఆగకు. నువ్వు వచ్చేదాకా పలుకుతాను. వచ్చాక, అది నా కళ్లలోకి చూసి పిలిచినా పలకను.

ఇట్లు
నీ అత్తమ్మ
రత్నవ్వ