పేరు మార్చని నవల

ఆపియా రచయితల సంఘ సభ్యులకు,

నవలాకారుడు సౌనోవా గారిని నిండు సభలో దొంగ అన్నాననేది నాపై అభియోగం. అన్నాను. నేనూ నవల రాస్తున్నదాన్నే. కల్పించడానికీ కాజేయడానికీ తేడా ఎరుగుదును.

మా అక్క ఫెతువావో తనపై జరిగిన అత్యాచారాన్ని, గురువని నమ్మి, ఆయనొక్కరికే చెప్పుకుంది. ఆయన దాన్ని ఆమె పేరుతోనే నవలలో అచ్చేశారు. ఇప్పుడు చేపల బజారులో "ఏమే కథానాయికా, రెండో భాగం ఎవరితోనే?" అంటున్నారు. అక్క గడప దాటడం మానేసింది.

నిలదీస్తే, "పేరు మారిస్తే వాక్యంలో లయ పోయేదమ్మా" అన్నారాయన. మీరంతా నవ్వారు.

తప్పు చేసినవారు బాధితుల వాకిట్లో చాప కప్పుకుని మోకరిల్లడం మన ఆచారం. మీరు నన్ను ఆయన వాకిట్లో మోకరిల్లమన్నారు. ఆయననే మా వాకిటికి తీసుకురండి. చాప ఎత్తి క్షమించాలో, ఎండలో అలాగే మగ్గనివ్వాలో మా అక్క నిర్ణయిస్తుంది.